4.3 వాయు నాణ్యతా సూచిక: హైదరాబాదు ఉదాహరణ

వాయు కాలుష్యకాల రకాలను గత భాగంలో చదివారు. ఒక నగరంలో గాలి ఎలా ఉందో చెప్పడానికి రోజూ ప్రకటించే అంకె ఎలా వస్తుందో, దానిలో ఏది కనబడదో ఇప్పుడు చూద్దాం.

హైదరాబాదులో సనత్‌నగర్, జూపార్కు, పటాన్‌చెరు వంటి చోట్ల గాలిని నిరంతరం కొలిచే కేంద్రాలున్నాయి. దేశంలో 2015లో మొదలైన వాయు నాణ్యతా సూచిక ఎనిమిది కాలుష్యకాలను లెక్కలోకి తీసుకుంటుంది. ఒక్కొక్కదానికి ఒక ఉపసూచిక కడతారు. వాటిలో అన్నిటికంటే ఎక్కువగా ఉన్నదే ఆ కేంద్రం సూచిక అవుతుంది. వాటి సగటు కాదు. పరీక్షల్లో ఎక్కువమంది పొరపడేది ఇక్కడే.

హైదరాబాదులో ఆ ఎక్కువ విలువ తరచుగా ధూళి కణాలదే. రోడ్ల దుమ్ము, నిర్మాణ పనుల దుమ్ము ఎక్కువగా పి.ఎం. 10 కిందికి వస్తాయి. డీజిల్ పొగ, చెత్త తగలబెట్టిన పొగలలోని కణాలు మరీ సూక్ష్మమైనవి. వ్యాసం 2.5 మైక్రాన్లకు మించని ఈ కణాలను పి.ఎం. 2.5 అంటారు. ఇవి ముక్కులో, గొంతులో ఆగక ఊపిరితిత్తుల లోపలి వాయుకోశాల దాకా పోతాయి.

ఒక లెక్క చూడండి. పి.ఎం. 2.5 రోజు సగటు ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములైతే దాని ఉపసూచిక 100. మిగిలినవి అంతకంటే తక్కువగా ఉంటే బోర్డు మీద 'సంతృప్తికరం' అని కనిపిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో రోజు సగటుకు సూచించిన విలువ 15 మాత్రమే. నాలుగు రెట్లున్న గాలికి ఆ పేరు కొంచెం ఉదారమైనదే.

ఇంకో సంగతి, ధూళి కణాలకు తీసుకునేది 24 గంటల సగటు. చలికాలపు తెల్లవారుజామున నేల చల్లబడి, దాన్ని ఆనుకున్న గాలి పైగాలి కంటే చల్లగా ఉంటుంది. బరువైన ఆ గాలి పైకి లేవదు. దీన్నే ఉష్ణోగ్రతా విలోమం అంటారు. కుండకు మూత పెట్టినట్లు పొగ, దుమ్ము కిందనే నిలిచిపోతాయి. రోడ్లు ఊడ్చే పారిశుద్ధ్య కార్మికులు పనిలో ఉండేది, స్కూలు ఆటోలు బయలుదేరేది ఆ వేళల్లోనే. ఎండ ఎక్కాక గాలి తేలికపడుతుంది. సాయంత్రం ప్రకటించే సగటులో ఉదయపు గంటలు కరిగిపోతాయి, పీల్చినవారి ఊపిరితిత్తుల్లో మాత్రం కాదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఒక కేంద్రంలో ఉపసూచికలు: పి.ఎం. 10 – 112, పి.ఎం. 2.5 – 96, నైట్రోజన్ డయాక్సైడ్ – 41. ఆ కేంద్రం సూచిక ఎంత?

2. వాహనాల సంఖ్య మారకపోయినా జులై కంటే డిసెంబరులో గాలి ఎక్కువ కలుషితంగా ఉండటానికి రెండు కారణాలు రాయండి.