పాడుపడిన ముంగిలిని బాగుచేసుకొనుట

పొలమును ఏటేట దున్నుదురు, ఎరువు తోలుదురు, కలుపు తీయుదురు. మరి దినమునకు పదిసార్లు మీరు దాటి నడచు ఇంటి ముంగిలిని శ్రద్ధగా చూచి ఎన్నాళ్లయినది? ఇల్లు కట్టగా మిగిలిన కంకర ఒక మూల, విరిగిన పెంకులు మరొక మూల, వాటి నడుమ వయ్యారిభామ. చూచి చూచి విసుగెత్తిన యజమాని చివరకు ఒకటే మార్గమని తలచును: ముంగిలి అంతయు సిమెంటు చేయించుట. ఆ పని చేయుటకు ముందు ఈ నాలుగు మాటలు చదువుడని మనవి.

కొన్ని సంవత్సరముల క్రిందట చింతలపూడి మండలములోని ఒక రైతుగారి ఇంటికి వెళ్లితిని. అయిదు సెంట్ల ముంగిలి. మధ్యన పాత చిన్నరసం చెట్టు. కుమార్తె వివాహము దగ్గరపడినందున చెట్టు కొట్టించి, నేలంతయు సిమెంటు చేయింప నిశ్చయించినారు. అరుగుమీద కూర్చున్న వృద్ధమాత, "ఇది మా మామగారు నాటిన చెట్టు బాబూ. నా పెండ్లి పందిరికి దీని ఆకులే తోరణాలు కట్టారు. కాయలేదని వీడు కొట్టేస్తానంటున్నాడు" అన్నది. "మూడేళ్లనుంచి ఒక్క పిందె లేదండీ. ఏం చేయమంటారు?" అని కుమారుని ప్రశ్న.

ఇద్దరి మాటయు న్యాయమైనదే. కాని కాయ లేకపోవుట చెట్టు దోషమా, మన దోషమా అన్నది ముందుగా తేల్చవలెను.

చెట్టు ఏల కాయలేదు?

చుట్టును తిరిగి చూడగా రెండు కారణములు కనిపించినవి. మొదటిది, స్నానాలగది నీరు సంవత్సరము పొడవునా చెట్టు మొదటికి పారుచున్నది. మామిడికి పూతకు ముందు రెండు మూడు నెలలు నేల ఆరియుండవలెను. అక్టోబరు, నవంబరు మాసములలో నీరందిన చెట్టు పూతకు బదులు చిగురు వేయును. తోటలో ఆ రోజులలో నీరు ఆపు రైతు, ఇంటి చెట్టుకు మాత్రము తెలియకయే నీరు పెట్టుచున్నాడు. రెండవది, ఇంటి రద్దు మానుచుట్టును మోకాలిలోతు పోసియున్నది. దానివలన వేళ్లకు గాలి ఆడదు. తడిసిన బెరడు కుళ్లును.

ఇది తెలియకుండ చెట్టు కొట్టిన యెడల ముప్పది నలుబది ఏండ్ల నీడ ఒక్క పూటలో పోవును. సిమెంటు చేసిన ముంగిలి మేమాసములో పెనమువలె కాగును.

మొదటి పని: నీటి దారి

వాన కురియుచుండగా గొడుగు పట్టుకొని ముంగిటిలో నిలబడి నీరు ఎటు పోవుచున్నదో చూడుడు. ఒక సెంటు నేలపై ఒక సెంటీమీటరు వాన పడిన సుమారు 400 లీటర్ల నీరు. అయిదు సెంట్లపై ఏడాదికి 100 సెంటీమీటర్లు పడెననుకొన్నచో రెండు లక్షల లీటర్లు. మెట్ట ప్రాంతమున బోరుబావిపై ఆధారపడు మనము ఇంత నీటిని వీధి కాలువలోనికి పంపుట తగునా?

ఇంటి గోడనుండి వెలుపలికి గజమునకు ఒక అంగుళము చొప్పున నేల వాలు ఉండవలెను. తాపీమేస్త్రి వాడు నీటి గొట్టముతో దీనిని సరిచూచుకొనవచ్చును. పల్లపు మూలలో మీటరు పొడవు, మీటరు వెడల్పు, అంతకు కొంచెము ఎక్కువ లోతుగల ఇంకుడు గొయ్యి త్రవ్వి, అడుగున పెద్ద ఇటుక ముక్కలు, వాటిపై చిన్నవి, పైన ఇసుక నింపుడు. ముంగిటిలోని రద్దు ఇందుకే పనికివచ్చును. గొయ్యి ఇంటి పునాదికి పది అడుగులకు తక్కువ దూరమున ఉండరాదు. మరుగుదొడ్డి గుంటకు, త్రాగునీటి బావికి ఇంకను దూరముగా ఉండవలెను. స్నానపు నీటిని మాత్రము వేరు కాలువ ద్వారా అరటికి, మెట్టతామరకు మళ్లింపుడు.

పాత టైర్లు, పగిలిన కుండలు తీసివేయుడు. డెంగ్యూను వ్యాపింపజేయు దోమ నిలిచిన నీటిలో గ్రుడ్లు పెట్టి వారము పది దినములలో ఎగురును. కావున నీటితొట్టిని వారమునకొకసారి పూర్తిగా వంపి తోమవలెను.

రెండవ పని: పాత చెట్టు సేవ

మానుచుట్టు రద్దును చేతిపారతో మెల్లగా తీయవలెను, వేళ్లు తెగరాదు. కాయ కోతలైన పిదప, జూన్ జూలైలలో ఎండుకొమ్మలు, ఒకదానిపై ఒకటి రాసుకొను కొమ్మలు, బదనిక పట్టిన కొమ్మలు రంపముతో కోయుడు. కోసిన చోట్ల బోర్డో పేస్టు పూయవలెను. 100 గ్రాముల మైలతుత్తము, 100 గ్రాముల సున్నము వేరువేరుగా అరలీటరు నీటిలో కరగించి, ప్లాస్టిక్ లేదా మట్టి పాత్రలో కలిపిన పేస్టు సిద్ధమగును. ఇనుప పాత్ర వాడరాదు. చివికిన పశువుల ఎరువును మాను మొదట కాక, కొమ్మల అంచు నీడ పడుచోట వేయుడు. పీల్చు వేళ్లు అక్కడనే ఎక్కువ.

దినమును నీరు కోరు పూలమొక్కలను మామిడి క్రింద నాటరాదు.

మూడవ పని: కలుపు, కొత్త మొక్కలు

వయ్యారిభామను పూత రాక మునుపే, నేల తడిగానున్నపుడు, చేతికి తొడుగు వేసికొని వేళ్లతో పెరుకుడు. ఒక్కొక్క మొక్క వేలకొలది విత్తనములు రాల్చును. అది తగిలినవారికి దురద, పుప్పొడివలన ఆయాసము రావచ్చును.

వీధి గుమ్మమునుండి అరుగువరకు నాలుగు అడుగుల దారికి, సిమెంటు లేకుండ, ఇసుకపై ఇటుకలు పరచిన చాలును. నీరు సందులలో ఇంకును. అరుగు ముందు ముగ్గునకు, తాండ్ర, ఒడియములు ఎండబెట్టుటకు ఎండ తగులు ఖాళీ స్థలము విడువవలెను. మొక్కలతో నింపిన ముంగిలి గృహిణికి ఉపయోగపడదు. మిగిలిన అంచులలో కరివేపాకు, నిమ్మ, మందార, నందివర్ధనము, మల్లె నాటుడు. మునగకొమ్మ పెళుసు, గొంగళిపురుగులు కూడ పట్టును. కావున గుమ్మమునకు దూరముగా ఉండవలెను. గన్నేరు విషము, పిల్లలు, పశువులు ఉన్న ఇంట వలదు.

కొత్త మామిడి నాటదలచినచో గోడకు ఇరువది అడుగుల దూరము కావలెను. అంత చోటు లేనివారు ఆమ్రపాలి అంటు నాటవచ్చును. దశేరి, నీలం రకములను సంకరపరచి ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ రూపొందించిన ఈ రకము పొట్టిగా పెరుగును. మృగశిర, ఆరుద్ర కార్తెల వానలు నాటుటకు అనుకూలము. 1950లో శ్రీ కె.ఎం. మున్షీ ప్రారంభించిన వనమహోత్సవము జూలైలో జరుగుటకు కారణమును ఈ వానలే.

నా పొరపాటు ఒకటి

ఆ ఇంటిలో ఒక పక్క పచ్చిక పరచుడని నేనే సలహా ఇచ్చితిని. ఏప్రిల్ నాటికి దానికి దినమును బిందెలకొలది నీరు కావలసివచ్చినది. మే నెలలో ఎండిపోయినది. "పచ్చిక పట్నానికి బాబూ, మాకు కళ్లాపి చాలు" అని ఆ వృద్ధమాత నవ్వినది. నాటినుండి మెట్ట గ్రామములలో ఎవరికిని పచ్చిక చెప్పుట మానితిని.

వివాహము ఆ చెట్టు క్రిందనే జరిగినది. తోరణములకు దాని ఆకులే కట్టినారు. ఆ సాలు కాయలేదు. మరుసటి సాలు ఒక ప్రక్క కొమ్మలు పూసినవి. మూడవ సాలున ఇంటివారికి, ఇరుగుపొరుగువారికి రసములు సరిపోయినవి.

కావున సిమెంటు మూటలు కొనుటకు ముందు ఒక వానకాలము మీ ముంగిలిని పరిశీలింపుడు. నీటికి దారి, వేళ్లకు గాలి, గృహిణికి చోటు చూపిన యెడల మిగిలిన పనిని మొక్కలే చేసికొనును. మీ చెట్టు సంగతి సందేహముగానున్నచో గొడ్డలి పట్టుటకు ముందు మీ రైతు సేవా కేంద్రమున విచారింపుడు, లేదా నూజివీడు మామిడి పరిశోధన స్థానము శాస్త్రజ్ఞుల నడుగుడు. కొట్టిన చెట్టును మరల నిలుపు ఉపాయము మాత్రము మా యొద్ద ఎవరికిని లేదు.