ఇంటి విద్యుత్తు: తీగ నిడివికి గల హద్దు

మన రాయచూరు జిల్లాయందలి శక్తినగరమున, కృష్ణాతీరమందు, 1985వ సంవత్సరమునుండి థర్మల్ విద్యుత్కేంద్రము పనిచేయుచున్నది. కావున విద్యుత్తు మనకు క్రొత్త వస్తువు కాదు. అయినను అది మన ఇంటి సాకెట్టునుండి ఎంత దూరము క్షేమముగా పోగలదో ఆలోచించువారు తక్కువ. మీటరు వరకు బాధ్యత సరఫరా సంస్థది. మీటరు దాటిన పిమ్మట తీగలన్నిటికిని గృహస్థుడే బాధ్యుడు. వేసవి సెలవులలో పిల్లలు దినమంతయు ఇంటిలోనే యుందురు; కూలర్లు తిరుగునదియు అప్పుడే. అందుచేత ఈ విషయమును తల్లిదండ్రులకు విన్నవించుట ఆవశ్యకమని తలంచితిమి.

తీగ ఎంత మంచిదైనను దానికి కొంత నిరోధము గలదు. పొడవు పెరిగినకొలదియు, లావు తగ్గినకొలదియు నిరోధము హెచ్చును. పొలమునకు పోవు కాలువలో నీరు దారిపొడవున ఇంకిపోవునట్లు, తీగలో వోల్టులు తరుగుచుండును. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగ పనిలో వేడెక్కినప్పుడు, ఒక్కొక్క ఆంపియరునకు మీటరు దూరమునకు సుమారు 18 మిల్లీవోల్టులు తరుగును. రానుపోను రెండు తీగల నష్టమును ఇందులో చేరినది. 230 వోల్టులలో నూటికి 5 వంతులు, అనగా పదకొండున్నర వోల్టులకు మించి నష్టము కలుగనీయరాదని పరిపాటి. ఈ లెక్కన 16 ఆంపియర్లు మోయునప్పుడు ఆ తీగను 40 మీటర్లకు మించి లాగరాదు. 1 చదరపు మిల్లీమీటరు తీగపై 9 ఆంపియర్ల నీళ్ల హీటరు నడిపినచో 29 మీటర్లకే హద్దు వచ్చును. హద్దు మిక్కిలి మీరినచో మోటారు మూలుగునే గాని తిరుగక, తుదకు కాలిపోవచ్చును.

తుంగభద్ర ఎడమకాలువ క్రింద సింధనూరు, మాన్వి ప్రాంతముల క్యాంపులలో స్థిరపడిన మనవారి ఇండ్లలో, ఇంటికిని పశువులశాలకును నడుమ దూరము ఎక్కువగా నుండును. అచ్చటికి సన్నని తీగ లాగి బల్బో, మోటారో నడుపుట చూచుచున్నాము. ఇట్టి తీగ 50 మీటర్లున్నదనుకొందము. రానుపోను 100 మీటర్లు. 1 చదరపు మిల్లీమీటరు రాగికి నిరోధము సుమారు 1.8 ఓములు. కొనయందు ఫేజును న్యూట్రలును కలిసికొన్నను 127 ఆంపియర్లకు మించి ప్రవహింపవు. సి రకపు 16 ఆంపియర్ల ఎం.సి.బి. తక్షణమే తెగునని నిశ్చయముగా చెప్పవలెనన్నచో 160 ఆంపియర్లు కావలెను. అది ఆలస్యము చేసినంతసేపు తీగ కాలుచుండును. కాబట్టి నిడివికి హద్దు పెట్టుట వోల్టులకొరకే గాదు, ప్రాణరక్షణకొరకును.

ఇక ఎర్తు సంగతి. పెరటిలోని ఎర్తు గుంటయే ఆధారమైన ఇంటిలో, ఆ గుంట నిరోధము 23 ఓములైనచో, ఫేజు తీగ కూలరు ఇనుపపెట్టెను తాకినను 10 ఆంపియర్లే ప్రవహించును. 16 ఆంపియర్ల ఎం.సి.బి. దానికి కదలనే కదలదు. పెట్టె దాదాపు 230 వోల్టులతో అట్లే నిలిచియుండును. తడికాళ్లతో వచ్చిన పిల్లవాడు దానిని ముట్టినచో ఏమగునో వేరుగా చెప్పనక్కరలేదు. మన నల్లరేగడి నేల వేసవిలో ఎండి బీటలు వారును. తడి తగ్గినకొలది గుంట నిరోధము పెరుగును. అందుచే 30 మిల్లీఆంపియర్ల ఆర్.సి.సి.బి. ప్రతి ఇంటను ఉండవలెను. పోయిన విద్యుత్తుకును మరలి వచ్చిన విద్యుత్తుకును భేదము కనిపించినంతనే అది సరఫరాను ఆపివేయును. అయితే ఫేజును న్యూట్రలును రెండు చేతులతో పట్టినవానిని అది కాపాడజాలదు.

స్క్రూడ్రైవరు టెస్టరులో దీపము వెలిగినచో ఫేజు వచ్చుచున్నదని మాత్రమే తెలియును. ఎర్తు బాగున్నదని తెలియదు. లైసెన్సు గల ఎలక్ట్రీషియనును పిలిచి ఈ పరీక్షలు చేయింపవలెను.

మొదటిది, సరఫరా ఆపి, ప్రతి సాకెట్టు ఎర్తు రంధ్రమునుండి ఎర్తు గుంట వరకు తీగ తెగకుండ నున్నదా యని చూచుట.

రెండవది, ఉపకరణములన్నియు ఊడదీసి, 500 వోల్టుల మెగ్గరుతో తీగ తొడుగును పరీక్షించుట. ఫేజు, న్యూట్రలులకును ఎర్తుకును నడుమ 1 మెగోముకు తగ్గరాదు.

మూడవది, సాకెట్టు కెదురుగా నిలిచినప్పుడు పైన ఎర్తు, కుడివైపున ఫేజు, ఎడమవైపున న్యూట్రలు ఉన్నవా యనియు, స్విచ్చి ఫేజు తీగకే ఉన్నదా యనియు తెలిసికొనుట.

నాలుగవది, ఎర్తు గుంట నిరోధమును కొలుచుట. దీనిని వేసవిలో కొలుచుటయే మేలు.

ఐదవది, ఆర్.సి.సి.బి. ఎంత ప్రవాహమునకు, ఎంత కాలములో తెగుచున్నదో పరికరముతో చూచుట. దానిపై గల టి అను బొత్తమును నెలకొకసారి గృహస్థుడే నొక్కి చూడవచ్చును. నొక్కినను తెగనిచో దానిని వెంటనే మార్పింపవలెను.

ఎలక్ట్రీషియను వ్రాసియిచ్చిన అంకెలను మీటరు బిల్లులతోపాటు భద్రపరచుడు. మరుసటి ఏడు వాటితో పోల్చినచో ఎచ్చట లోపము పెరుగుచున్నదో తెలియును.

తల్లిదండ్రులకు మా విన్నపము మూడు మాటలే. ప్లగ్గు ఊడదీసిన పిమ్మటనే కూలరులో నీరు పోయుడు. ప్లగ్గునకు గల మూడవ కాలిని విరుగగొట్టి రెండింటితో నడుపకుడు. ప్రాణము కాచునది ఆ కాలే. దూరముగా నున్న చోటికి ఎక్స్‌టెన్షన్ తీగలను ఒకదానికొకటి తగిలింపక, తగిన లావు గల తీగతో వేరు వలయము వేయింపుడు. పదవ తరగతి పిల్లలు ఓము నియమమును చదువుచున్నారు. వారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని మీ ఇంటి తీగల నిడివిని కొలిచి లెక్క కట్టింపుడు. ఈ వేసవి సెలవులు రాకముందే ఆ పని ముగియుగాక.