కొండల మీది మేఘం హెలికాప్టర్‌ను ఎలా కిందికి నెడుతుంది?

2009 సెప్టెంబరు 2న అప్పటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి రచ్చబండ కార్యక్రమం కోసం బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు హెలికాప్టర్‌లో బయల్దేరారు. చేరలేదు. మర్నాడు నల్లమలలోని పావురాలగుట్ట మీద శకలాలు దొరికాయి. అందులో ఉన్న ఐదుగురూ మరణించారు.

ఎందుకలా? తడిగాలి కొండకు తగిలి పైకి ఎగబాకుతుంది, చల్లబడి మేఘమవుతుంది. తిరుమల ఘాట్ రోడ్డును కమ్మే మబ్బూ ఇలా పుట్టేదే. ఒక్కోసారి అది కిలోమీటర్ల ఎత్తున పేరుకుని క్యుములోనింబస్ అవుతుంది. అసలు ప్రమాదం దాని కడుపులోనే. పడే వాన తనతోపాటు గాలినీ కిందికి లాగుతుంది. చినుకులు కొన్ని ఆవిరై ఆ గాలిని ఇంకా చల్లబరుస్తాయి. చల్లగాలికి బరువెక్కువ కదా, ధబాలున దిగుతుంది. హెలికాప్టర్ ఎంత పైకి లేవబోయినా లాభం ఉండదు. పైగా కింద కొండలుంటే తేరుకోవడానికి చాలినంత ఎత్తు మిగలదు.

ఆ రోజు గేర్‌బాక్స్ ఆయిల్ ప్రెషర్ హెచ్చరిక రావడంతో పైలట్ల దృష్టి దానిమీదికి మళ్లిందని విచారణ కమిటీ తేల్చింది. నన్ను వానకన్నా ఇదే ఎక్కువ ఆలోచింపజేస్తుంది.

ఎందుకంటే మబ్బులో నేల కనబడదు, లోపలిచెవి మోసం చేస్తుంది. వంగి పోతున్నా తిన్నగా పోతున్నట్టే ఉంటుంది. అందుకే శిక్షణలో బయటి దృశ్యం కనబడకుండా కళ్లకు అడ్డుపెట్టి, పరికరాలు మాత్రమే చూస్తూ నడపడం నేర్పుతారు.