పంటపొలాలలో బంబుల్‌బీ: దారి జ్ఞాపకం, పూత కాలం

వ్యాస సంగ్రహం: ఇంగ్లండు, జర్మనీ, స్వీడన్ దేశాల వ్యవసాయ క్షేత్రాలలో బంబుల్‌బీలు దారి తెలుసుకొనే తీరును, మేత సేకరించే క్రమాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. ఎంత దూరమైనా వెళ్ళి తిరిగి రాగల నేర్పు ఈ ప్రాణికి ఉన్నా, గూటికి చేరువలో వసంతం నుండి వేసవి చివరి దాకా ఎడతెగని పూత లేకపోతే ఆ నేర్పు కుటుంబాన్ని నిలబెట్టలేదన్నది ఇందులోని ప్రధాన ప్రతిపాదన.

కీలక పదాలు: బంబుల్‌బీ, తుమ్మెద, మార్గ స్మృతి, రాడార్, పరాగ సంపర్కం, పొదల కంచె.

1. ఉపోద్ఘాతం

పూలపై వాలే ఈగలకు తెలుగులో పేర్ల కొరత లేదు. తుమ్మెద, తేటి, భ్రమరం, షట్పదం, మధుపం అన్నవి కావ్యభాషలో దాదాపు పర్యాయపదాలుగా చెల్లుబాటయ్యాయి. జీవశాస్త్ర దృష్టిలో మాత్రం వీటి వెనుక ఉన్నది ఒకే ప్రాణి కాదు. తెలుగునాట జనవ్యవహారంలో తుమ్మెద అంటే ఎక్కువగా ఎండుకర్రను తొలిచి గూడు చేసుకొనే నల్లని పెద్ద ఈగ. భ్రమరకీటక న్యాయంలోని భ్రమరమో, పురుగును తెచ్చి మట్టిగూటిలో పెట్టే కందిరీగ జాతికి చెందినది. ఒళ్ళంతా దట్టమైన నూగుతో, పసుపు, నలుపు పట్టెలతో చల్లని ప్రాంతాలలో తిరిగే బంబుల్‌బీ ఈ రెండింటిలోనూ ఇమడదు. భారతదేశంలో అది ప్రధానంగా హిమాలయ ప్రాంతపు ప్రాణి. దక్కను పీఠభూమిలో గాని, కోస్తా మైదానాలలో గాని దానికి సహజ నివాసం లేదు. కనుక దానిని తుమ్మెదగా అనువదించడం ఆ రెండు ప్రాణులకూ న్యాయం చేయదు. ఈ వ్యాసంలో ఆంగ్ల నామమే యథాతథంగా గ్రహింపబడింది.

దాని కుటుంబ వ్యవస్థ తేనెటీగలకు భిన్నమైనది. తేనెపట్టు ఏళ్ళ తరబడి సాగుతుంది. బంబుల్‌బీ కుటుంబం ఒక్క ఏడాదితో ముగుస్తుంది. చలికాలమంతా మట్టిలో ఒంటరిగా నిద్రించిన రాణి వసంతారంభంలో మేల్కొని, ఎలుక విడిచిన బొరియ వంటి చోటు వెదకుకొని, తొలి సంతానాన్ని తానే పెంచుతుంది. తరువాత కూలి ఈగలు మేత పని అందుకొంటాయి. వేసవి సాగేకొద్దీ కొత్త రాణులు, మగ ఈగలు పుడతాయి. పాత రాణితో సహా మిగిలినవన్నీ మరణిస్తాయి. కొత్త రాణులే మరుసటి ఏటికి వారధి. గూటిలో దాచే తేనె కొద్ది రోజులకు మించి చాలదు. ఈ చివరి విషయం చిన్నదిగా కనిపించినా, తరువాతి చర్చ అంతా దానిపైనే ఆధారపడి ఉంది.

2. ఎవరి దారి వారిదే

తేనెటీగ పూలచోటు కనుగొంటే పట్టుకు తిరిగివచ్చి నృత్యం ద్వారా దిక్కును, దూరాన్ని తోటివారికి తెలుపుతుంది. బంబుల్‌బీకి అటువంటి భాష లేదు. మేతతో వచ్చిన ఈగ గూటిలో హడావిడిగా తిరిగి, ఒక వాసన పదార్థాన్ని విడిచి, మిగిలినవాటిని బయలుదేరదీయగలదు. తాను తెచ్చిన పూవాసనను వాటికి పరిచయం చేయగలదు. ఆ పూలు ఎక్కడున్నాయో మాత్రం చెప్పలేదు. అందుచేత ప్రతి కూలి ఈగా పొలాన్ని మొదటి నుండి తానే నేర్చుకోవాలి.

ఆ అభ్యాసం గూటి ద్వారం వద్దనే మొదలవుతుంది. తొలిసారి బయటికి వచ్చిన ఈగ నేరుగా వెళ్ళిపోదు. వెనుదిరిగి గూటివైపు చూస్తూ, వంపులు తిరుగుతూ, క్రమంగా దూరం పెంచుకొంటూ పరిసరాల గుర్తులను మనసుకు పట్టించుకొంటుంది. ఆపైన సూర్యుని స్థితి, ఆకాశ కాంతిలోని ధ్రువణం, దారిలో కంటి ముందు నేల కదలిపోయే వేగం వంటి సంకేతాలతో తాను ఎంత దూరం, ఏ దిక్కున వచ్చిందో లెక్క కట్టుకొంటుంది. చెట్లు, పొదల వరుసలు, పొలం అంచులు ఆ లెక్కను సరిదిద్దుతాయి.

ఇదంతా కంటితో అనుసరించి తెలుసుకోవడం అసాధ్యం. ఇంగ్లండులోని హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో 1843లో స్థాపితమైన రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రం ఇందుకు ఒక మార్గాన్ని చూపింది. ఈగ వీపుపై సుమారు 16 మిల్లీమీటర్ల పొడవున్న సన్నని యాంటెన్నాను అంటించి, దాని నుండి తిరిగివచ్చే సంకేతాన్ని ప్రత్యేక రాడార్‌తో గ్రహించడం ఆ పద్ధతి. దానితోనే 2016లో ప్రచురితమైన ఒక అధ్యయనం నాలుగు ఈగలు జీవితకాలంలో చేసిన ప్రయాణాలను నమోదు చేసింది. మొత్తం 244 ప్రయాణాలు, సుమారు 180 కిలోమీటర్లు. అన్వేషణ ఎక్కువగా తొలి ప్రయాణాలలోనే జరిగింది. మంచి చోటు దొరికాక ఈగ వెదకులాట తగ్గించి, తెలిసిన దారినే పట్టింది.

అంతకు ముందు, 2012లో వెలువడిన మరొక ప్రయోగం ఇంకా ఆసక్తికరమైనది. సహజమైన పూలు అరుదుగా ఉండే శరత్కాలంలో అయిదు కృత్రిమ పుష్పాలను పంచభుజాకారంలో, ఒకదానికొకటి 50 మీటర్ల దూరంలో అమర్చారు. అంత దూరం నుండి తరువాతి పువ్వు ఈగ కంటికి ఆనదు. ఒక్కొక్క పువ్వులో పెట్టిన చక్కెర నీరు ఈగ పొట్టలో అయిదో వంతుకే సరిపోతుంది గనుక అయిదింటినీ చుట్టి రాక తప్పదు. అయిదు పూలను దర్శించే వరుసలు 120 సాధ్యం. ఈగలు అందులో సుమారు 20 వరుసలను మాత్రమే ప్రయత్నించి, 26 ప్రయాణాలు ముగిసేసరికి అతి దగ్గరి దారులలో ఒకదానిపై స్థిరపడ్డాయి. తిరిగే దూరం 80 శాతం మేర తగ్గింది. పటం చూసి ఆలోచించినట్లు కాక, కొత్త దారి పాతదానికన్నా దగ్గరైతే దానిని ఉంచుకొని, కాకపోతే విడిచిపెట్టే సరళమైన పద్ధతితో ఈ ఫలితం వస్తుందని పరిశోధకులు వివరించారు.

కావ్యాలలో తుమ్మెద చపల ప్రియునికి ఉపమానం. పూట కొక పువ్వు దాని స్వభావమన్నది కవిసమయం. పొలంలోని బంబుల్‌బీని చూస్తే ఆ ఉపమ కన్నా మాధుకర వృత్తి అన్న మాట ఎక్కువ సరిపోతుంది. కొద్ది ఇళ్ళకే వెళ్ళి, ఏ ఇంటికీ భారం కాకుండా భిక్ష స్వీకరించడం అందులోని నియమం. వారాలు చేసుకొని చదువుకొన్న విద్యార్థికి ఏ రోజు ఏ ఇల్లో తెలిసినట్లే, బంబుల్‌బీకి ఏ పొద తరువాత ఏ పొదో తెలుసు. అంతేకాదు, పూలపై అది విడిచిన పాదముద్రల వాసన, ఆ పువ్వులో తేనె ఇప్పుడే తీసినట్లు తనకూ తరువాత వచ్చేవాటికీ తెలుపుతుంది. తేనె మళ్ళీ ఊరేవేళకు ఆ వాసన కూడా సన్నగిల్లుతుంది.

3. దూరం

రోథమ్‌స్టెడ్‌లోనే జరిగి, 1999లో ప్రచురితమైన రాడార్ అధ్యయనంలో బంబుల్‌బీలు గూటి నుండి సగటున 275 మీటర్లు వెళ్ళాయి. అతి తక్కువ దూరం 70, అత్యధికం 631 మీటర్లు. దగ్గరలో మేత ఉన్నట్లు కనిపించినా చాలా ఈగలు దానిని దాటి పోయాయి. పక్కగాలి వీచినప్పుడు కూడా ఒడలిని ఓరగా తిప్పి, దారి తప్పకుండా సాగాయి. అయితే రాడార్ చూపు పొదల కంచె దగ్గర ఆగిపోతుంది. కనుక ఈ అంకెలను ఈగ పరిధిగా కాక, రాడార్‌కు కనిపించిన మేర పరిధిగా గ్రహించడం సమంజసం. కూలి ఈగల జన్యు నమూనాలను బట్టి అవి ఏ గూటివో గుర్తించే మరొక పద్ధతిలో, 2005లో తేలిన గరిష్ఠ పరిధి బాంబస్ టెరెస్ట్రిస్ జాతికి 758 మీటర్లు, బాంబస్ పాస్కోరమ్ జాతికి 449 మీటర్లు. ఇక గూటి నుండి పట్టుకెళ్ళి దూరంగా విడిచిన ఈగలలో ఒకటి 9.8 కిలోమీటర్ల నుండి తిరిగి వచ్చిన దాఖలా ఉంది.

ఈ చివరి అంకెనే తరచుగా ఉదాహరిస్తారు. అది దారి వెదకగల శక్తికి కొలత మాత్రమే, దినచర్యకు కాదు. ఎగరాలంటే వక్షభాగపు కండరాలను సుమారు 30 డిగ్రీల దాకా వేడెక్కించుకోవాలి. ఆ ఇంధనం తేనెయే. దూరం పెరిగేకొద్దీ గూటికి మిగిలేది తగ్గుతుంది. అందుకే పొదల కంచెలకు రెండు విధాల విలువ ఉంది. అవి పూలను ఇస్తాయి, ఈగలకు దారి చూపే రేఖలుగానూ ఉపకరిస్తాయి. కంచెల వెంబడి ఎగిరే ఈగలవల్ల, ఆ కంచెలతో కలిసి ఉన్న మొక్కలకు పరాగ సంపర్కం మెరుగుపడుతున్నట్లు ఇంగ్లండు క్షేత్ర పరిశీలనలు తెలిపాయి.

4. పూత మధ్య ఖాళీలు

తెలుగునాట జీలుగ, జనుము, పిల్లిపెసర వేసి నేలకు సత్తువ తెచ్చినట్లే, ఇంగ్లండు రైతులు ఎర్ర క్లోవర్‌ను పంటమార్పిడిలో వేసేవారు. అది పశువులకు మేత, నేలకు నత్రజని. పొడుగు నాలుక గల బంబుల్‌బీలకు వేసవి నడుమ అదే ముఖ్యాహారం. రసాయనిక ఎరువులు వచ్చి, గుర్రాల స్థానాన్ని ట్రాక్టర్లు ఆక్రమించాక క్లోవర్ అవసరం తీరిపోయింది. 1930ల నుండి 1984 వరకు ఇంగ్లండు, వేల్స్‌లలో పూలగడ్డి మైదానాలు 97 శాతం అంతరించాయి.

వాటి స్థానంలో ఆవ కుటుంబానికి చెందిన రేప్‌సీడ్ వంటి పంటలు కొన్ని వారాలపాటు పొలాలను పసుపు ముద్దగా మారుస్తాయి. ఇది పోయినదానికి పరిహారమని పైచూపుకు తోస్తుంది. జర్మనీ పరిశోధకులు 2009లో ప్రచురించిన ఫలితం ఆ భావనను సడలిస్తుంది. రేప్‌సీడ్ అధికంగా ఉన్న చోట గూళ్ళు మొదట్లో వేగంగా పెరిగాయి. కాని కొత్త రాణుల, మగ ఈగల సంఖ్య పెరగలేదు. పూత ముగిసిన వెంటనే కరువు వస్తుంది. నిల్వలు కొద్ది రోజులవే. కుటుంబం ఫలించేది మాత్రం ఆ తరువాతి నెలల్లో. పెళ్ళినాటి విందు ఏడాది గ్రాసం కానట్లే, వసంతపు సమృద్ధి శ్రావణపు లోటును పూడ్చదు.

బకింగ్‌హామ్‌షైర్‌లోని ఒక వ్యవసాయ క్షేత్రంలో జరిగి, 2017లో వెలువడిన అధ్యయనం ఈ వాదాన్ని మరింత బలపరిచింది. ఒక ఏడు కూలి ఈగల జన్యు నమూనాలు సేకరించి, మరుసటి వసంతంలో తిరిగే రాణులలో వాటి తోబుట్టువులు ఎవరో పరిశోధకులు గుర్తించారు. గూటికి 250 నుండి 1000 మీటర్ల లోపల మేలైన పూలచోట్లు ఎక్కువగా ఉన్న కుటుంబాల వంశమే మరుసటి ఏటికి ఎక్కువగా నిలిచింది. ఈగ మేతకు వెళ్ళే దూరంతో ఈ పరిధి స్థూలంగా సరిపోవడం గమనార్హం.

పంటపూలలో మరొక ప్రమాదం ఉంది. స్వీడన్‌లో 16 రేప్‌సీడ్ పొలాలను ఎంచి, సగం పొలాలలో క్లోథియానిడిన్ ఉన్న మందు పట్టించిన విత్తనం వేసి చూడగా, ఆ పొలాల పక్కన ఉంచిన బంబుల్‌బీ గూళ్ళు సరిగా ఎదగలేదు. తేనెటీగల పట్లపై అటువంటి తేడా కనిపించలేదు. ఆ అధ్యయనం 2015లో వెలువడింది. అదే ఏట మరొక ప్రయోగశాలా పరిశోధన, ఈగలు ఈ తరగతి మందుల రుచిని గుర్తించలేవనీ, ఇమిడాక్లోప్రిడ్, థయామెథోక్సామ్ కలిసిన చక్కెర నీటినే ఎక్కువగా తాగాయనీ చూపింది. దారి నేర్చుకొనే తెలివి ఇక్కడ అక్కరకు రాదు. ఈ మూడు మందులనూ ఆరుబయట పొలాలలో వాడడాన్ని ఐరోపా సమాఖ్య 2018లో నిషేధించింది.

బాంబస్ సబ్‌టెరేనియస్ అనే జాతి చరిత్రలో ఈ అంశాలన్నీ కలుస్తాయి. ఎర్ర క్లోవర్ విత్తనం కట్టాలంటే పొడుగు నాలుక ఈగలు కావాలని 19వ శతాబ్దపు చివరలో ఇంగ్లండు నుండి న్యూజిలాండ్‌కు పంపిన బంబుల్‌బీలలో అదొకటి. అక్కడ స్థిరపడింది. స్వదేశంలో మాత్రం 1988లో డంజెనెస్ తీరాన చివరిసారి కనిపించి, 2000లో అంతరించినట్లు ప్రకటింపబడింది. న్యూజిలాండ్ నుండి తిరిగి తెచ్చే ప్రయత్నం ఫలించకపోవడంతో, 2012 నుండి స్వీడన్ రాణులను ఆ తీరంలో విడిచారు. అందుకు ముందుగానే చుట్టుపక్కల రైతులు పొలాల అంచులలో క్లోవర్ తదితర పూలపట్టీలు వేశారు. తరువాతి కొన్నేళ్ళు ఆ జాతి కూలి ఈగలు కనిపించినా, అది అక్కడ నిలదొక్కుకొన్న ఆధారం లభించలేదు. ఆ పూలపట్టీలపైకి మాత్రం, చాలాకాలంగా ఆ ప్రాంతంలో కనిపించని ఇతర అరుదైన బంబుల్‌బీలు తిరిగి వచ్చాయి.