పొట్లం రంగు వంటింటికెందుకు?

పండగ సరుకుల్లో బొంబాయి రవ్వ, పంచదార, జీడిపప్పు, యాలకులు తీసుకున్నాక చాలామంది చివర్లో ఒక చిన్న పొట్లం అడుగుతారు. దాని పేరు మిఠాయి రంగు. కేసరి అంటే కుంకుమపువ్వు. ఆ పువ్వు పేరు పెట్టుకున్న రవ్వకేసరికి ఇవాళ ఎన్నో ఇళ్లలో నారింజ రంగు తెస్తున్నది పువ్వు కాదు, ఈ పొట్లమే. అందులో ఎక్కువగా ఉండేవి టార్ట్రజిన్, సన్‌సెట్ ఎల్లో అనే కృత్రిమ రంగులు. అంగట్లో అమ్మే సరుకుకు వీటి అవసరం ఉందేమో కానీ, ఇంట్లో చేసుకునే మిఠాయికీ పండ్లరసానికీ మాత్రం ఏ కోశానా లేదు.

ఈ రంగులు ఎవరి కోసం పుట్టాయో చూస్తే విషయం తేటపడుతుంది. 1856లో లండన్‌లో విలియం పెర్కిన్ అనే కుర్రాడు క్వినైన్ తయారు చేయబోతే, బొగ్గుతారు నుంచి తీసిన పదార్థంలో ఊదారంగు దొరికింది. అక్కణ్నుంచి కృత్రిమ రంగులు వరుసకట్టాయి. ముందు బట్టలకు, తర్వాత తిండికి వచ్చాయి. కర్మాగారానికి కావలసినవన్నీ వాటిలో ఉన్నాయి: ఎప్పుడు చేసినా ఒకటే ఛాయ, నెలల తరబడి వెలిసిపోని గుణం, చిటికెడుతో బోలెడు మెరుపు, తక్కువ ఖర్చు. ఇంట్లో చేసిన లడ్డు వారం తిరక్కముందే డబ్బా ఖాళీ చేస్తుంది. పండ్లరసం గ్లాసు పది నిమిషాలు నిలవదు. నెలలపాటు మెరవాల్సిన పని దేనికీ లేదు. పైగా మన పాత పిండివంటల్లో రంగు ఒక కబురు కూడా. అరిసె ముదురు గోధుమరంగు బెల్లం పాకం సంగతి చెబుతుంది. సున్నుండ ఛాయను బట్టి మినప్పప్పు దోరగా వేగిందో లేదో తెలిసిపోతుంది. మామిడిరసం పసుపు ఛాయ అందులో పండెంత పడిందో చెబుతుంది. పొట్లం రంగు పడితే ఆ కబుర్లన్నీ చెరిగిపోతాయి.

ప్రభుత్వమే అనుమతించిన రంగులు కదా, భయమెందుకని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. మన ఆహార భద్రత నిబంధనలు 8 కృత్రిమ రంగులను అనుమతించాయి. సాధారణంగా పరిమితి కిలో పదార్థానికి 100 మిల్లీగ్రాములు, అంటే గ్రాములో పదో వంతు. మామూలు వంటింటి త్రాసు ఒక గ్రాము కంటే తక్కువ చూపదు. పొట్లంలో అసలు రంగు ఎంతో, కలిపిన ఉప్పు ఎంతో విడిగా అమ్మే పొడుల్లో తెలియదు. చిటికెతో వేసేవారికి ఆ పరిమితి ఎలా అందుతుంది? హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు ఈ నగరంలోనే చేసి 2004లో ప్రచురించిన అధ్యయనంలో, కొందరి ఒంట్లోకి వెళ్తున్న రంగులు రోజువారీ హద్దును దాటాయని తేలింది. 2007లో బ్రిటన్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం చేసిన పరీక్షలో కొన్ని రంగుల మిశ్రమం, దానితో కలిపిన సోడియం బెంజోయేట్ అనే నిల్వ రసాయనం తాగిన పిల్లల్లో నిలకడ తగ్గి అతిచురుకుదనం పెరిగింది. 2010 నుంచి ఐరోపాలో అలాంటి 6 రంగులు వాడిన ఆహారం మీద హెచ్చరిక ముద్రించాలి. అందులో 4 మన అనుమతి జాబితాలో ఉన్నవే. నిజమే, ఆ ప్రభావం పిల్లలందరిలో ఒకేలా లేదు, ఫలానా రంగుదే తప్పని తేల్చడమూ కుదరలేదు. అయినా అవసరమే లేని వస్తువును మానేయడానికి ఇంతకంటే గట్టి రుజువు అక్కర్లేదు. అసలు అనుమతే లేని మెటానిల్ ఎల్లో, రోడమిన్ బి లాంటివి కలిసినా కంటికి తెలియవు. రోడమిన్ బి దొరికినందుకే 2024 ఫిబ్రవరిలో తమిళనాడు పీచుమిఠాయి అమ్మకాన్ని నిషేధించింది.

సహజ రంగులు నిలవవు, వండితే చచ్చిపోతాయన్నది వంట చేసేవారి ఫిర్యాదు. వాటి స్వభావం తెలియకపోతే అంతే మరి. బీట్‌రూట్ ఎరుపు వేడికి ఓర్చుకోదు. మొదటి నుంచీ ఉడికిస్తే మట్టిరంగుకు తిరుగుతుంది, అదే రసాన్ని కొబ్బరి లౌజు దించే ముందు కలిపితే గులాబీ రంగు నిలుస్తుంది. చల్లారిన పాలల్లో ఒక చెంచా బీట్‌రూట్ రసం, నాటు గులాబీ రేకులు నానబెట్టిన నీళ్లు కలిపితే రోజ్ మిల్క్‌కు రంగూ వాసనా రెండూ నిజమైనవే. క్యారెట్ రంగు నీటికి లొంగదు, నేతిలో కరుగుతుంది. అందుకే తురుమును ముందు నేతిలో వేయిస్తే హల్వా నిగనిగలాడుతుంది, ఆ కెరొటిన్ ఒంటికీ బాగా పడుతుంది. పసుపుకు సున్నం తగిలితే పారాణి అవుతుందని తెలుగింట్లో ఎవరికి తెలియదు? బూందీ పిండిలో పసుపు వేసి వంటసోడా కూడా వేస్తే జరిగేది అదే, ఎర్రబారుతుంది. కాబట్టి సోడా మానాలి, లేదా శనగపిండి సొంత రంగుతో సరిపెట్టుకోవాలి. కేసరికి కుంకుమపువ్వు కొనలేకపోతే మన్యంలో పండే జాఫ్రా గింజలున్నాయి. సన్నటి సెగ మీద నేతిలో రెండు నిమిషాలు వెచ్చబెట్టి వడగడితే చాలు, ఆ నెయ్యే నారింజ రంగు. వెన్నకూ చీజ్‌కూ వాడే రంగు ఈ గింజదే. పానీయాల్లో ఇంకా వింతలున్నాయి. శంఖుపుష్పాలు వేడినీళ్లలో వేస్తే నీలం, అందులో నిమ్మరసం పిండితే కళ్లముందే ఊదా. ఎర్ర గోంగూర కాయ మీది పుల్లటి రేకలు మరిగిస్తే దానిమ్మ రంగు. పుదీనా, పాలకూరల పచ్చదనం మాత్రం నిమ్మకాయ పులుపుకు కాసేపట్లో మాసిపోతుంది. చేసిన వెంటనే తాగేయాలి.

సహజమన్న పేరుతో దొరికేదల్లా మంచిదన్న మాట కూడా నిజం కాదు. పసుపుపొడిలో సీసం ఉన్న లెడ్ క్రోమేట్ కలిపిన సంఘటనలున్నాయి. దుగ్గిరాల, నిజామాబాద్ మార్కెట్ల నుంచి వచ్చే పసుపు కొమ్ములు మనకు అందుబాటులోనే ఉన్నాయి, వాటిని ఇంట్లో దంచుకోవడమో మరపట్టించుకోవడమో మేలు. రెండో సంగతి చక్కెర. నేరేడు రసంలో నాలుగు చెంచాల పంచదార పోసి, రంగు సహజమని ఆరోగ్య పానీయం అనడం సరికాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో వడగట్టిన పండ్లరసంలోని తీపి కూడా తగ్గించుకోవలసిన చక్కెరే. పుచ్చకాయ, నేరేడు, బొప్పాయి గుజ్జుతో సహా తాగితే పీచు దక్కుతుంది, రంగూ చిక్కగా ఉంటుంది.

పొట్లం రంగంత మెరుపు వీటికి రాదు, ఒప్పుకోవాల్సిందే. పిల్లలు మొదట మొహం తిప్పుకోవచ్చు. అంత గాఢమైన నారింజ రంగే కేసరి అని మనమే వాళ్ల కళ్లకు నేర్పాం. లేత రంగును అలవాటు చేయాల్సిందీ మనమే. ఖర్చు కూడా పెద్ద అడ్డంకి కాదు. చిటికెడు పసుపు, అర బీట్‌రూట్, ఒక క్యారెట్ ఏ ఇంట్లోనైనా ఉంటాయి. ఈసారి పండగ సరుకుల చీటీ రాసేటప్పుడు మిఠాయి రంగు అన్న మాట రాయకండి. ఆ చోట ఒక బీట్‌రూట్ రాసుకోండి.