పాత ట్రక్కు గేరుపెట్టె

రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిదప, 1947లో, అమెరికాలోని షెవ్రొలే సంస్థ క్రొత్త రూపముగల సరకుబండ్లను అంగడికి తెచ్చినది. గుండ్రని రెక్కలును, ముఖమున అడ్డముగా పేర్చిన కమ్ములును గల ఆ చిన్న ట్రక్కులు 1955 వరకు వెలువడినవి. వెనుక తెరచిన తొట్టి, ముందు ఇద్దరు ముగ్గురు కూర్చుండదగిన గది. అచటివారు వీనిని పికప్‌లందురు. పొలముల దారులలో అరిగి, అనేకుల చేతులు మారిన ఆ బండ్లలో కొన్ని నేటికిని ఆ దేశపు కొట్టములలో నిలిచియున్నవి. వానిని తిరిగి నడిపింప గోరువారి చూపు మొదట పైరంగుపై నిలుచును. కాని బండి నడుచునా నడువదా యనుటను తేల్చునది నేలపలక క్రింద దాగియున్న గేరుపెట్టె.

ఆ కాలపు షెవ్రొలే ట్రక్కు ఇంజను పరిమాణము 216 ఘనపుటంగుళములు. శక్తి సుమారు 90 అశ్వములది. పేరు ఘనముగనే యున్నది గాని, బస్తాలతో నిండి ఎత్తుదారిలో నిలిచియున్న బండిని కదల్చుటకు ఇంజను తిరుగుడు బలము ఒక్కటియే చాలదు. మెల్లగా తిరిగినచో ఇంజను ఆగిపోవును. వడిగా తిరిగినచో చక్రము ఆ వడిని అందుకొనలేదు. ఎడ్లబండివాడు ఎత్తు రాగానే క్రిందికి దిగి చక్రపు ఆకు పట్టి నెట్టును. మోటారుబండిలో ఆ పని పళ్లచక్రములు చేయును. చిన్న చక్రము పెద్దచక్రమును త్రిప్పినపుడు వడి తగ్గి బలము పెరుగును.

నిష్పత్తి పాఠము చెప్పు లెక్కల ఉపాధ్యాయునకు ఇంతకంటె మంచి ఉదాహరణము దొరకుట కష్టము. ముప్పాతిక టన్ను తరగతి ట్రక్కులలో అమర్చిన ‘ఎస్.ఎం. 420’ అను నాలుగు గేర్ల పెట్టెలో మొదటి గేరు నిష్పత్తి 7.05. ఇంజను ఏడుమార్లకు మించి తిరిగినగాని పెట్టెనుండి వెనుకకు పోవు షాఫ్టు ఒకమారు తిరుగదు. వెనుక ఇరుసు నిష్పత్తి 4.57 అయినచో, రెంటిని గుణింపగా 32 పైచిలుకు వచ్చును. అనగా చక్రము ఒక చుట్టు తిరుగుటకు ఇంజను 32 చుట్లు తిరుగవలెను; రాపిడికి పోయినది పోగా, బలమును దాదాపు అన్ని రెట్లగును. రెండవ గేరు 3.58, మూడవది 1.71, నాలుగవది నేరుగా ఒకటి.

చిక్కంతయు ఒక గేరునుండి మరియొక గేరునకు మారుటలో నున్నది. తొలితరము మోటారుబండ్లలో పళ్లచక్రములను జరిపి ఒకదానితో నొకటి కలిపెడివారు. రెండును ఒకే వడిని తిరుగుచుండనిచో పన్ను పన్నును కొట్టుకొని గరగరమనెడిది. డ్రైవరు క్లచ్చి త్రొక్కి గేరు విడిపించి, క్లచ్చి వదలి, ఇంజను వడిని సరిచూచుకొని, మరల క్లచ్చి త్రొక్కి క్రొత్త గేరు వేయవలసి యుండెను. ఈ బాధను తగ్గించిన ఇంజనీరు ఎర్ల్ థాంప్సన్. ఆయన కల్పించిన సింక్రోమెష్ అను ఏర్పాటును కాడిలాక్ కార్లలో 1928లో మొదటిసారిగా ప్రవేశపెట్టిరి.

తరువాతి పెట్టెలలో ఆ ఏర్పాటునకు ప్రాణము ఒక చిన్న ఇత్తడి వలయము. గేరుచక్రమునకు శంకువు ఆకారమున ఉక్కుమెడ యుండును. గేరుకర్రను జరిపినపుడు వలయము మొదట ఆ మెడను ఒరసికొనును; ఆ రాపిడిలో రెండువైపుల వడియు సమానమైన పిదపనే పళ్లు కలియును. వలయపు లోపలి అంచున నున్న సన్నని గాడులు నడుమనుండు నూనెపొరను కోసివేయును. ఈ ఒరపిడిలో ఉక్కుకు బదులు ఇత్తడి అరుగును. అరుగవలెననియే దానిని మెత్తని లోహముతో చేసిరి. ఉక్కుచక్రము విలువ యెక్కడ, వలయము విలువ యెక్కడ!

ఎస్.ఎం. 420లో ఈ వలయముల సౌకర్యము రెండు, మూడు, నాలుగు గేర్లకే కలదు. మొదటి గేరును, వెనుక గేరును పాతపద్ధతివే. 1950లలో తెలుగు జిల్లాలలో జీపు నడిపినవారికి ఇది క్రొత్త సంగతి కాదు. విల్లీస్ జీపు మూడు గేర్ల పెట్టెలోను మొదటి గేరునకు వలయము లేదు. బండి పూర్తిగా ఆగకముందే మొదటి గేరు వేయబోయిన క్రొత్త డ్రైవరును ఆ పెట్టె ఊరందరు వినునట్లు మందలించెడిది.

అట్టి పెట్టెను విప్పి బాగుచేయుట నూనెతో మొదలగును. క్రింది బిరడా తీసి పాతనూనెను వెడల్పాటి పళ్లెములోనికి దింపి వెలుతురులో చూడవలెను. పసుపువన్నె మెరుపు కనిపించినచో వలయములు అరిగినవని గుర్తు. అయస్కాంతమునకు అంటుకొను పెళ్లలు బేరింగు చెడినదనియో, పన్ను విరిగినదనియో తెలుపును. పాలవలె తెల్లబడిన నూనె నీరు చేరిన సంగతి చెప్పును. నాడి చూడక మందిచ్చు వైద్యుడును, నూనె చూడక పెట్టె విప్పు మెకానిక్కును ఒక తెగవారే.

పోత ఇనుప పెట్టె మిక్కిలి బరువు. జాకీ ఆనించి, పొడవు షాఫ్టును విడదీసి, పెట్టెను నేరుగా వెనుకకు లాగవలెను. సగము వచ్చినపుడు దాని బరువును వ్రేలాడనిచ్చినచో, ముందుకు పొడుచుకొనియుండు షాఫ్టు క్లచ్చి పలకను వంచివేయును. అనుభవజ్ఞులు పై రెండు బోల్టులను తీసి, ఆ రంధ్రములలో తలలేని పొడవాటి కడ్డీలను బిగించి, పట్టాలపై బండివలె పెట్టెను వానిపై జరుపుదురు. ఆ కాలపు క్లచ్చి పలకలలో ఆస్‌బెస్టాసు ఉండెడిది గావున అచట పేరుకొన్న ధూళిని గాలితో ఊదరాదు. తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డను పారవేయవలెను.

పైమూతలో గేర్లను జరుపు పంగలును, అవి తగిలియుండు కడ్డీలును ఉండును. కడ్డీని లాగగానే స్ప్రింగు క్రిందినుండి చిన్న ఉక్కుగోళీ ఎగిరిపోవును. గోలీకాయంత లేని ఆ గోళీయే వేసిన గేరును జారిపోకుండ నిలుపునది. గుడ్డ కప్పి లాగువారు గంటలకొలది నేలపై ప్రాకు శ్రమను తప్పించుకొందురు.

లోపలి చక్రములను కడిగి బల్లపై పరచినపుడు, ఆ బండిని తోలినవారి అలవాట్లు కంటికి కనిపించును. మొదటి గేరు పళ్ల కొనలు చితికియున్నచో, బండి ఆగువరకు ఓర్వని చేయి దానిపై పనిచేసినదన్నమాట. రెండవ గేరు వలయము మిగిలినవానికంటె మిక్కిలి అరిగియున్నచో, వడి తగ్గకముందే గేరు దించుట అలవాటై యుండవచ్చును. పంగ ఒకవైపు పలుచబడినచో, ఎవరో గేరుకర్రపై చేయి మోపి మైళ్లకొలది ప్రయాణము చేసియుందురు.

ఇక దేనిని మార్చవలెను, దేనిని ఉంచవలెను? తాళపత్ర ప్రతిని పరిష్కరించు పండితునకు ఎదురగు ప్రశ్నయే ఇచటను ఎదురగును. తనకు అర్థము కాని ప్రతి మాటను లేఖకుని తప్పుగా భావించి దిద్దువాడు మూలమును పోగొట్టును. ఏమియు దిద్దనివాడు చదువరి చేతిలో చదువరాని గ్రంథమును పెట్టును. బేరింగులు, ఆయిలుసీళ్లు, గాస్కెట్లు, ఇత్తడి వలయములు ఈ నాలుగింటి విషయమున మీనమేషములు లెక్కింప నక్కరలేదు, క్రొత్తవి వేయవలసినదే. చక్రముల సంగతి వేరు. ఈ పెట్టె తయారీ 1967తో ముగిసినది. పోయిన చక్రమునకు బదులు తరచుగా మరియొక పాతపెట్టెను విప్పవలసి వచ్చును. పంటిపై నుండు గట్టిపొర పెచ్చులూడి గుంటలు పడినచో ఆ చక్రమును విడువక తప్పదు. కాని కొన మాత్రమే కొద్దిగా చితికియున్నచో, సన్నని రాతితో గరుకును తీసి దానినే వాడవచ్చును. మితిమీరి సానపట్టినచో గట్టిపొరయే పోయి, మెత్తని లోపలి ఉక్కు బయటపడును. మెరుపుకొరకు ఒక మంచి పెట్టెను ముక్కలుచేసి, నడువగల చక్రమును పారవేయుట నేర్పు అనిపించుకొనదు.

రంగు సంగతికి వత్తము. లోపల చూడక పైన రంగుపూసి, పునరుద్ధరించిన పెట్టెయని అమ్మువారు లేకపోలేదు. కొనువాడు ఆ మెరుపునకు మురిసి ధనము పోసి, మొదటి ఎత్తుదారిలోనే గరగర వినును. కావున రంగు చూపి ధర చెప్పువానిని పైమూత విప్పి చూపుమని అడుగుట కొనువాని హక్కు.

రంగువేయుటకు ముందు పెట్టెపై పేరుకొన్న జిడ్డును కిరసనాయిలుతోను, పిదప వేడి సబ్బునీటితోను పోగొట్టి, తీగకుంచెతో త్రుప్పు రాల్చవలెను. పాతరంగులలో సీసము కలిసియుండును గనుక పొడిగా గీకరాదు. బెల్ హౌసింగ్‌ను ఆనుకొను నునుపు ముఖముపై రంగు పడనీయరాదు. అచట పడిన రంగుపొరయైనను షాఫ్టు వరుసను తప్పింపగలదు. పెట్టెలోని గాలి బయటికి పోవు సన్నని రంధ్రము రంగుతో మూసికొనిపోయినచో, వేడెక్కిన గాలి దారిలేక క్రొత్త సీళ్లగుండ నూనెను వెలికి నెట్టును. ఈ చిన్న అజాగ్రత్తవలన వారముల శ్రమ వ్యర్థమగును.

పోతపై నుబ్బిన అక్షరములను, అంకెలను దళసరి రంగుతో పూడ్చుట మరియొక తప్పు. ఆ సంస్థ పోతలపై సామాన్యముగా నెలకు ఒక అక్షరము, దినమునకు అంకె, సంవత్సరమునకు చివరి అంకె ఉండును. ‘సి 15 2’ అనునది 1952లో పోసిన పెట్టెపై నున్నచో, మార్చి 15వ తేదీ యని అర్థము. ఆ బండి వయసు చెప్పు శాసనము అదియే. ప్రైమరుపై రెండు పలుచని పూతలు చాలును. కొందరు నలుపును, కొందరు పోత ఇనుము వంటి బూడిదవన్నెను కోరుదురు. నలుపుపై కారిన నూనె కనిపించదు. సన్నని పగులు అసలే కనిపించదు. బూడిదవన్నె రెంటిని దాచదు గనుక అదియే మేలు.

తిరిగి కూర్చునపుడు సూదివలె సన్నని రోలర్లను గ్రీజుతో అంటించి, విప్పునాడు లెక్కపెట్టినన్ని ఉన్నవో లేవో చూచుకొనవలెను. మూత బిగించిన తరువాత పెట్టె బల్లపై నుండగనే ముందు షాఫ్టును చేతితో త్రిప్పి, ప్రతి గేరును వేసి చూతురు. మొదటి గేరులో ఏడు చుట్లు త్రిప్పగా వెనుక షాఫ్టు ఒక చుట్టునకు రవంత తక్కువగా తిరిగినచో లెక్క సరిపోయినది.

నూనె యెన్నికలోను జాగ్రత్త వలయును. ఇట్టి పెట్టెలకు 90 చిక్కదనపు ఖనిజ గేరునూనె తగినది. వెనుక ఇరుసులకై గంధకపు మందులు దట్టించిన జి.ఎల్. 5 తరగతి నూనెలలో కొన్ని ఇత్తడిని తినివేయగలవు. పెట్టెను బండికెక్కించి కొన్ని వందల మైళ్లు నడిపిన పిమ్మట ఆ నూనెను దింపి మరల పళ్లెములో చూచెదరు. క్రొత్త వలయములు మెడలకు ఒదుగువేళ కొద్దిగా ఇత్తడి రజను విడుచుట సహజమే. అయస్కాంతమునకు ఏమియు అంటనిచో, క్రొత్తనూనె పోసి, బిరడా బిగించి, నేలపలకను మరలతో మూసివేయుదురు.