నెత్తురు పోయినవారికి సెలైన్ ఒక్కటే చాలదు

ప్రమాదంలో గాయపడి రక్తం కారుతున్నవారిని క్యాజువాలిటీకి తెచ్చిన బంధువులు మమ్మల్ని మొదట అడిగే మాట ఒకటే: "సిస్టరమ్మా, ఇంకా సెలైన్ పెట్టలేదేం?" పెట్టిన సీసా అయిపోగానే రెండోది తగిలించలేదని కోప్పడేవారూ ఉన్నారు. విరేచనాలతో ఒంట్లో నీరు పోయినవారికి సెలైన్ ప్రాణం పోస్తుంది, నిజమే. నెత్తురు పోయినవారి సంగతి వేరు.

పెద్దవారి శరీరంలో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. అందులో లీటరు దాకా పోయినా గుండె వేగంగా కొట్టుకుంటూ నెట్టుకొస్తుంది, బి.పి. కూడా పెద్దగా పడిపోదు. "మాట్లాడుతున్నాడు కదా, ఫరవాలేదు" అని మనం మోసపోయేది ఇక్కడే. ఒకటిన్నర, రెండు లీటర్లు పోయేసరికి కాళ్ళూ చేతులూ చల్లబడతాయి, చెమటలు పడతాయి, నాడి సన్నగా పరుగెడుతుంది, మనిషి కంగారుగా ఏదేదో మాట్లాడతాడు. దీన్నే షాక్ అంటారు.

సెలైన్ అంటే లీటరు నీటిలో 9 గ్రాముల ఉప్పు, అంతే. ప్రాణవాయువును మోసే ఎర్రకణాలు గాని, రక్తాన్ని గడ్డకట్టించే పదార్థాలు గాని అందులో ఉండవు. మజ్జిగలో నీళ్ళు పోసినకొద్దీ పలచబడినట్టు, మిగిలిన రక్తం పలచబడి గడ్డకట్టే గుణం తగ్గిపోతుంది. చల్లటి సెలైన్ ఒంటిని కూడా చల్లబరుస్తుంది. చల్లబడిన రక్తం సరిగా గడ్డకట్టదు. పైగా బి.పి. ఒక్కసారిగా పెరిగితే అప్పుడే గాయాన్ని మూసిన గడ్డ ఊడిపోవచ్చు. 1994లో అమెరికాలోని హ్యూస్టన్ వైద్యులు కత్తిపోట్లు, తుపాకి గాయాలు తగిలిన 598 మందిపై చేసిన పరిశోధనను ప్రచురించారు. ఆపరేషన్ వరకు ద్రవాలు ఎక్కించకుండా ఆగినవారిలో 70 శాతం, ముందే ఎక్కించినవారిలో 62 శాతం బ్రతికారు. తలకు దెబ్బ తగిలినవారికి మాత్రం బి.పి. పడిపోనివ్వకూడదు, అక్కడ లెక్క మారుతుంది.

అందుచేత మేము కొద్దిగానే సెలైన్ ఇచ్చి, రక్తం కారడం ఆపే పని, రక్తం తెప్పించే పని ఒకేసారి మొదలుపెడతాం. ఎక్కువ పోయినవారికి ఎర్రకణాలతోబాటు ప్లాస్మా, ప్లేట్‌లెట్లు కూడా కావాలి. ప్లాస్మా గడ్డకట్టించి నిలవ ఉంచుతారు. అది కరగడానికి దాదాపు అరగంట పడుతుంది. ఆలస్యం చేస్తున్నామని అనుకోకండి.

ట్రనెక్సామిక్ యాసిడ్ అనే ఇంజెక్షన్ కూడా ఉంది. మన దేశంతో సహా 40 దేశాల్లో 20 వేలమందికి పైగా రోగులపై పరీక్షించి, 2010లో ఫలితాలు ప్రకటించారు. దెబ్బ తగిలిన 3 గంటల్లోపు ఇస్తేనే మేలు, దాటితే కీడు కూడా కావచ్చు. ఊళ్ళో ఆర్.ఎం.పి. దగ్గర ఒక సీసా పెట్టించుకుని బయలుదేరదామని ఆగే అరగంట ఎంత ఖరీదైనదో చూడండి.

ఇక రక్తం మాట. వరండాలో ఇరవైమంది చుట్టాలుంటారు. రక్తం ఇవ్వాలనగానే ఒక్కొక్కరే ఫోను చెవిన పెట్టుకుని గేటు దాటుతారు! నిజానికి మీరప్పటికప్పుడు ఇచ్చిన రక్తం పరీక్షలన్నీ అయ్యాకే ఎక్కించాలి. మొదటి గంటలో మీవాడిని కాపాడేది ఎవరో ముక్కూముఖం తెలియనివారు ముందే ఇచ్చిన రక్తం. 18 నుంచి 65 ఏళ్ళలోపు ఆరోగ్యవంతులు, 45 కిలోల బరువు, 12.5 హిమోగ్లోబిన్ ఉంటే ఇవ్వవచ్చు. మగవారు 3 నెలలకు, ఆడవారు 4 నెలలకు ఒకసారి. ప్లేట్‌లెట్లు 5 రోజులకు మించి నిలవ ఉండవు కనుక సంఘంలో ఏడాదికొక్క శిబిరం పెట్టి ఊరుకుంటే సరిపోదు.

దారిలో చేయవలసింది: 108కి ఫోన్ చేయండి. శుభ్రమైన గుడ్డతో గాయాన్ని గట్టిగా అదిమి పట్టండి, మాటిమాటికి ఎత్తి చూడకండి. గుచ్చుకున్నదాన్ని పీకకండి. సోడా, మంచినీళ్ళు తాగించవద్దు, ఆపరేషన్ అవసరం కావచ్చు. దుప్పటి కప్పండి. దెబ్బ ఎన్ని గంటలకు తగిలిందో గుర్తుపెట్టుకుని చెప్పండి. గుండెజబ్బుకని రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ఆ అట్ట కూడా వెంట తీసుకురండి.